కంటైనర్ లోపల సర్వర్, బయట డివైస్‌లు: ఏ అడ్రస్ ఇవ్వాలి, ఎలా కలపాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. లినక్స్ మెషీన్ (దీన్నే హోస్ట్ అంటాను) మీద డాకర్ కంటైనర్‌లో, అంటే ప్రోగ్రామ్‌ను విడిగా ఉంచి నడిపే పెట్టెలో, మస్కిటో అనే ఎంక్యూటీటీ బ్రోకర్ (డివైస్‌ల మెసేజ్‌లు అందుకుని పంచే సర్వర్) నడుపుతున్నారు. కంటైనర్ లోపలికి వెళ్లి పరీక్షిస్తే మెసేజ్‌లు వెళ్తున్నాయి, వస్తున్నాయి. అదే నెట్‌వర్క్‌లో ఉన్న సెన్సార్లు మాత్రం కనెక్ట్ కావడం లేదు. వాటిలో సర్వర్ అడ్రస్‌గా 172.17.0.2 పెట్టారు. ఒకరు మాక్‌వీల్యాన్ (కంటైనర్‌కు నెట్‌వర్క్‌లో సొంత అడ్రస్ ఇచ్చే పద్ధతి) పెట్టమన్నారు, ఇంకొకరు హోస్ట్ నెట్‌వర్క్ (కంటైనర్ హోస్ట్ నెట్‌వర్క్‌నే వాడుకునే పద్ధతి) అన్నారు. ఏది చేయాలి?

సూటిగా చెప్తాను. డివైస్‌లలో కంటైనర్ అడ్రస్ తీసేసి హోస్ట్ మెషీన్ అడ్రస్ పెట్టండి (192.168.1.50 అనుకుందాం). కంటైనర్‌ను 1883 పోర్ట్ (ఎంక్యూటీటీ వాడే తలుపు నంబరు) పబ్లిష్ చేసి, అంటే బయటికి తెరిచి, మళ్లీ సృష్టించండి. బ్రోకర్ 127.0.0.1 మీద (తన లోపలివాళ్లకే) కాకుండా 0.0.0.0 మీద (అన్ని వైపులా) వింటోందో లేదో చూడండి. మీ అవసరానికి ఈ మూడూ చాలు. మాక్‌వీల్యాన్ అక్కర్లేదు. అది నిజంగా ఎప్పుడు కావాలో కింద చెప్తాను.

172.17.0.2 అనేది మీ హోస్ట్ గోడల లోపల మాత్రమే చెల్లే అడ్రస్. డాకర్ తనకోసం డాకర్0 అనే వర్చువల్ బ్రిడ్జ్ (సాఫ్ట్‌వేర్‌తో చేసిన స్విచ్) తయారు చేసుకుంటుంది. మామూలుగా దానికి 172.17.0.1, దాని కింద ఉండే కంటైనర్లకు 172.17.0.2, 172.17.0.3 ఇలా వరసగా వస్తాయి. ఈ బ్రిడ్జ్ సంగతి మీ స్విచ్‌కు గానీ రూటర్‌కు గానీ తెలియదు. సెన్సార్ ఆ అడ్రస్‌కు ప్యాకెట్ పంపితే అది గేట్‌వే దాకా వెళ్లి, అక్కడ దారి లేక ఆగిపోతుంది. పైగా కంటైనర్‌ను తీసేసి మళ్లీ పెడితే అదే అడ్రస్ వస్తుందన్న హామీ కూడా లేదు.

పోర్ట్ పబ్లిష్ చేయడం అంటే "హోస్ట్‌లో 1883 కు వచ్చినదాన్ని ఆ కంటైనర్‌లో 1883 కు పంపు" అని కెర్నెల్‌కు (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) ఒక నియమం రాసిపెట్టడం. డాకర్ రన్‌లో "-పి 1883:1883" అని ఇస్తే డాకర్ ఐపీటేబుల్స్‌లో (కెర్నెల్ ప్యాకెట్ నియమాల పట్టికలో) ఆ నియమాన్ని చేరుస్తుంది. కోలన్‌కు ఎడమవైపు హోస్ట్ పోర్ట్, కుడివైపు కంటైనర్ పోర్ట్. ఇక్కడ తరచుగా జరిగే పొరపాట్లు రెండు. డాకర్‌ఫైల్‌లో (కంటైనర్‌కు మూలమైన ఇమేజ్‌ను ఎలా తయారు చేయాలో రాసే ఫైల్) ఎక్స్‌పోజ్ అని రాస్తే పోర్ట్ తెరుచుకుంటుందని అనుకోవడం ఒకటి. అది "ఈ ఇమేజ్ ఈ పోర్ట్ వాడుతుంది" అని చెప్పే సమాచారం మాత్రమే, దానంతట అది ఏ పోర్ట్‌నూ బయటికి తెరవదు. నడుస్తున్న కంటైనర్‌కు తర్వాత పోర్ట్ జోడించవచ్చు అనుకోవడం రెండోది. కుదరదు, కంటైనర్‌ను తీసేసి కొత్త ఆప్షన్‌తో మళ్లీ సృష్టించాలి. డాకర్ పీఎస్ (నడుస్తున్న కంటైనర్ల జాబితా చూపే కమాండ్) ఇచ్చి పోర్ట్స్ వరుస చూడండి. "0.0.0.0:1883" నుంచి బాణం గుర్తు కంటైనర్ పోర్ట్ వైపు ఉంటే పబ్లిష్ అయినట్టు. బాణం లేకుండా 1883 ఒక్కటే ఉంటే అది ఎక్స్‌పోజ్ మాత్రమే.

ఇక మీ విషయంలో నాకు గట్టిగా అనుమానం ఉన్నది మూడో షరతు మీద. 2020 డిసెంబరులో వచ్చిన 2.0 వర్షన్ నుంచి మస్కిటో, కాన్ఫిగ్ ఫైల్‌లో లిజనర్ (ఏ పోర్ట్ మీద వినాలో చెప్పే లైన్) అని ఏమీ రాయకపోతే లోకల్ ఓన్లీ మోడ్‌లో లేస్తుంది. అంటే తన 127.0.0.1 మీద మాత్రమే వింటుంది. కంటైనర్‌లో 127.0.0.1 అంటే ఆ కంటైనర్ ఒక్కటే, హోస్ట్ కూడా కాదు. అందుకే లోపలికి వెళ్లి పరీక్షిస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుంది, బయటివాళ్లకు తలుపు మూసే ఉంటుంది. డాకర్ లాగ్స్ తీసి మొదటి పది పదిహేను లైన్లు చదవండి. లోకల్ ఓన్లీ మోడ్‌లో మొదలవుతున్నట్టు బ్రోకర్ స్వయంగా అక్కడ చెప్తుంది. కాన్ఫిగ్‌లో "లిజనర్ 1883" అనే లైన్ చేర్చి, పాస్‌వర్డ్ ఫైల్ కూడా పెట్టి రీస్టార్ట్ చేయండి. పాస్‌వర్డ్ లేకుండా ఎవరినైనా రానిచ్చే సెట్టింగ్ ఒకటుంది. పరీక్ష కోసం ఐదు నిమిషాలు వాడండి, అంతకుమించి వద్దు.

ఇది మస్కిటోకు మాత్రమే ఉన్న సంగతి కాదు. చాలా వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ల డెవలప్‌మెంట్ సర్వర్లు, కొన్ని డేటాబేస్‌లు కూడా ముందుగా 127.0.0.1 మీదే వింటాయి. గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు చెప్తాను. హోస్ట్ నుంచే లోకల్‌హోస్ట్ 1883 కు కనెక్ట్ అయి చూడండి. కనెక్షన్ దొరికినట్టే దొరికి వెంటనే తెగిపోతే, డాకర్ ప్రాక్సీ (మధ్యవర్తి ప్రోగ్రామ్) మీ కనెక్షన్ తీసుకుంది కానీ లోపల దాన్ని అందుకునేవాళ్లు లేరు అని అర్థం. అదే సమయంలో బయటి డివైస్‌కు "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని వస్తుంది. రెండూ కలిసి కనబడితే అప్లికేషన్ తప్పు అడ్రస్ మీద వింటోందని నేను దాదాపు తేల్చేసుకుంటాను.

రెఫ్యూజ్డ్ వేరు, టైమ్ అవుట్ వేరు. రెఫ్యూజ్డ్ అంటే ప్యాకెట్ ఎక్కడో ఒక చోటికి చేరింది, అక్కడివాళ్లు "ఇక్కడ ఎవరూ లేరు" అని జవాబు ఇచ్చారు. టైమ్ అవుట్ అంటే జవాబే రాలేదు. ప్యాకెట్ దారిలో పోయింది, లేదా ఫైర్‌వాల్ మింగేసింది, లేదా జవాబు తిరిగి వచ్చే దారి తప్పింది. వెతకాల్సిన చోట్లు పూర్తిగా వేరు. దయచేసి ఎర్రర్‌ను "కనెక్ట్ కావట్లేదు" అని కుదించకండి, ఉన్నది ఉన్నట్టు రాసుకోండి.

నా దగ్గరికి ఇలాంటి సమస్య ఏది వచ్చినా ముందు అడిగేది ఒకటే: మాట ఎవరు మొదలుపెడుతున్నారు? మీ సెన్సార్లు తామే బ్రోకర్‌ను వెతుక్కుంటూ వస్తాయి, కాబట్టి పోర్ట్ పబ్లిష్ కావాలి. కంటైనర్‌లోని ప్రోగ్రామ్ తానే బయటికి వెళ్లి పీఎల్‌సీని (ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే కంట్రోలర్) మోడ్‌బస్ అనే ప్రోటోకాల్ ద్వారా (502 పోర్ట్) చదువుతుంటే, లేదా స్విచ్‌ల స్థితిని ఎస్ఎన్ఎంపీ అనే ప్రోటోకాల్ ద్వారా (161 పోర్ట్) అడుగుతుంటే ఏ పోర్టూ పబ్లిష్ చేయనక్కర్లేదు. బయటికి వెళ్లే ప్యాకెట్లు హోస్ట్ అడ్రస్ వేసుకుని వెళ్తాయి, జవాబులు వాటంతట అవే తిరిగి కంటైనర్‌కు చేరతాయి. అప్పుడు డివైస్‌కు కనబడేది హోస్ట్ అడ్రస్. పీఎల్‌సీలో "ఈ అడ్రస్‌ల నుంచి మాత్రమే అనుమతించు" అనే జాబితా ఉంటే అందులో హోస్ట్ అడ్రస్ రాయాలి. అక్కడ కంటైనర్ అడ్రస్ రాసి రెండు రోజులు టెన్షన్ పడ్డవాళ్లను చూశాను.

పబ్లిష్ చేసిన పోర్ట్ దగ్గర తడబడేది యూడీపీ, అంటే టీసీపీలా ముందు కనెక్షన్ పెట్టుకోకుండా నేరుగా ప్యాకెట్లు పంపే పద్ధతి. "-పి 514:514" అంటే టీసీపీ మాత్రమే. సిస్‌లాగ్ (డివైస్‌లు లాగ్‌లు పంపేది, 514), ఎస్ఎన్ఎంపీ ట్రాప్ (డివైస్‌లు తామే పంపే హెచ్చరికలు, 162), రేడియస్ (లాగిన్‌లు సరిచూసేది, 1812, 1813) లాంటివి యూడీపీ మీద వస్తాయి కాబట్టి చివర స్లాష్ వేసి యూడీపీ అని చేర్చాలి. రెండూ కావాలంటే రెండుసార్లు రాయాలి.

యూడీపీలో నన్ను బాగా ఏడిపించిన కేసు ఒకటి చెప్పాలి. కంటైనర్‌లో సిస్‌లాగ్ సర్వర్, దానికి లాగ్‌లు పంపే స్విచ్‌లు, ఫైర్‌వాల్‌లు కొన్ని డజన్లు. ఒకరోజు ఇమేజ్ అప్‌డేట్ చేసి కంటైనర్‌ను మళ్లీ సృష్టించాం. స్విచ్‌ల లాగ్‌లు వచ్చాయి. రెండు ఫైర్‌వాల్‌ల నుంచి మాత్రం ఒక్క లైను కూడా లేదు. ఫైర్‌వాల్‌లో చూస్తే పంపుతూనే ఉంది. హోస్ట్ నెట్‌వర్క్ కార్డు మీద టీసీపీడంప్ (వచ్చిపోయే ప్యాకెట్లను చూపే టూల్) పెడితే ప్యాకెట్లు వర్షంలా పడుతున్నాయి. కంటైనర్‌లో మాత్రం నిశ్శబ్దం. విచిత్రం ఏమిటంటే అన్నిటికంటే ఎక్కువ లాగ్‌లు పంపే డివైస్‌లే మూగబోయాయి.

కారణం కెర్నెల్‌లోని కనెక్షన్ ట్రాకింగ్ పట్టిక. యూడీపీలో కనెక్షన్ అనేది లేకపోయినా, ఫలానా అడ్రస్, ఫలానా పోర్ట్ నుంచి వచ్చినదాన్ని ఎక్కడికి పంపిందీ కెర్నెల్ గుర్తుపెట్టుకుంటుంది. పోర్ట్ మళ్లింపు నియమాన్ని మొదటి ప్యాకెట్‌కే చూస్తుంది, తర్వాతవన్నీ ఆ పట్టిక ప్రకారమే పోతాయి. జవాబు రాని యూడీపీకి ఆ గుర్తు మామూలుగా 30 సెకన్లు ఉంటుంది, కానీ కొత్త ప్యాకెట్ వచ్చిన ప్రతిసారీ గడువు మళ్లీ మొదలవుతుంది. స్విచ్‌లు నిమిషానికి ఒక లాగ్ పంపుతాయి, ఈలోపు పాత గుర్తు చెరిగిపోయి కొత్త కంటైనర్‌కు దారి దొరికింది. ఫైర్‌వాల్‌లు సెకనుకు పదుల లాగ్‌లు, అదీ ఒకే సోర్స్ పోర్ట్ నుంచి పంపుతాయి. ఆ గుర్తుకు చెరిగిపోయే తీరికే లేదు. ప్యాకెట్లన్నీ ఇప్పుడు లేని పాత కంటైనర్ అడ్రస్‌కు పోతూనే ఉన్నాయి. కాన్‌ట్రాక్ కమాండ్‌తో యూడీపీ 514 కు సంబంధించిన పాత ఎంట్రీలు తుడిచేశాం. అదే క్షణంలో లాగ్‌లు మొదలయ్యాయి. డాకర్ కొత్త వర్షన్లు ఈ శుభ్రం చేసే పని చాలావరకు తామే చూసుకుంటాయి. అయినా "రీస్టార్ట్ చేశాక కొన్ని డివైస్‌లు మాత్రమే రావట్లేదు" అని ఎవరైనా అంటే నా చేయి ముందు అటే పోతుంది.

సర్వర్‌కు డివైస్ అసలు అడ్రస్ కనబడాలా? ఈ ప్రశ్న కూడా ముందే వేసుకోండి. మీ ఎంక్యూటీటీకి దీనితో పెద్దగా పని లేదు, ప్రతి డివైస్‌కు క్లయింట్ ఐడీ, యూజర్ నేమ్ ఉంటాయి. కానీ సిస్‌లాగ్‌లో ఏ డివైస్ పంపిందో చాలాసార్లు సోర్స్ అడ్రస్‌ను బట్టే తెలుస్తుంది. రేడియస్‌లోనైతే ఏ క్లయింట్‌కు ఏ సీక్రెట్ అన్నదే అడ్రస్‌ను బట్టి నిర్ణయమవుతుంది. లినక్స్ మీద మామూలు డాకర్‌లో బయటి నుంచి వచ్చే ప్యాకెట్లకు సోర్స్ అడ్రస్ మారదు, అసలుదే కనబడుతుంది. మధ్యలో ప్రాక్సీ ఉండే ఏర్పాట్లలో మాత్రం మారిపోతుంది. విండోస్, మ్యాక్‌లపై డాకర్ డెస్క్‌టాప్‌లోనూ, రూట్‌లెస్ డాకర్ (అడ్మిన్ హక్కులు లేకుండా నడిపేది) మామూలు సెట్టింగ్‌లోనూ సర్వర్‌కు అందరూ బ్రిడ్జ్ గేట్‌వే అడ్రస్ నుంచే వస్తున్నట్టు కనబడతారు. ఒకచోట వైఫై యాక్సెస్ పాయింట్లన్నీ లాగిన్‌కు తిరస్కరిస్తున్నాయని పిలిస్తే వెళ్లాను. ఫ్రీరేడియస్ (వాళ్ల రేడియస్ సర్వర్) లాగ్‌లో ప్రతి లైనులోనూ తెలియని క్లయింట్ 172.17.0.1 నుంచి వచ్చిన రిక్వెస్ట్‌ను పట్టించుకోవడం లేదని ఉంది. ఎవరో పరీక్ష కోసం ల్యాప్‌టాప్‌లో డాకర్ డెస్క్‌టాప్ మీద పెట్టినదాన్నే అసలు సర్వర్‌గా వాడేస్తున్నారు. 172.17.0.1 ని క్లయింట్‌గా చేర్చితే ఆ పూటకు పని జరిగిపోతుంది. కానీ అప్పుడు ఎవరు వచ్చినా ఒకే సీక్రెట్‌తో లోపలికి వచ్చేస్తారు. అలా చేయనివ్వలేదు, లినక్స్ మెషీన్‌కు మార్పించాను.

పాడ్‌మన్ (డాకర్ లాంటి ఇంకో టూల్) వాడేవాళ్లకు ఒక మాట: 5.0 వర్షన్ నుంచి రూట్‌లెస్‌లో పాస్టా అనే పద్ధతి డీఫాల్ట్ అయింది, అది సోర్స్ అడ్రస్‌ను మార్చకుండా ఉంచుతుంది. రూట్‌లెస్‌లో 1024 కంటే తక్కువ పోర్ట్‌లు మామూలుగా తెరవనివ్వదన్నది మరిచిపోకండి. 514 కావాలంటే హోస్ట్‌లో ఆ హద్దును సిస్‌కంట్రోల్ (కెర్నెల్ సెట్టింగ్‌లు మార్చే కమాండ్) ద్వారా తగ్గించాలి, లేదా డివైస్‌లోనే 5514 లాంటి పోర్ట్ పెట్టాలి.

ఇప్పుడు హోస్ట్ నెట్‌వర్క్, మాక్‌వీల్యాన్ సంగతి. పోర్ట్ పబ్లిష్ చేయడం సరిపోని సందర్భాలు నాకు తెలిసి రెండు రకాలు.

ఒకటి, డివైస్‌లు కేకేసి, అంటే ఒకరికి కాకుండా ఒకేసారి చాలామందికి ప్యాకెట్ పంపి (మల్టీకాస్ట్, బ్రాడ్‌కాస్ట్) వెతికే ప్రోటోకాల్స్. ఎండీఎన్ఎస్ 224.0.0.251 కు 5353 పోర్ట్ మీద, ఎస్ఎస్‌డీపీ 239.255.255.250 కు 1900 మీద, కెమెరాల ఆన్‌విఫ్ డిస్కవరీ అదే 239.255.255.250 కు 3702 మీద మల్టీకాస్ట్ చేస్తాయి. డివైస్‌లకు అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ బ్రాడ్‌కాస్ట్ చేస్తుంది. ఈ కేకలు డాకర్ బ్రిడ్జ్ దాటి లోపలికి రావు. పోర్ట్ పబ్లిష్ చేసినా రావు, ఎందుకంటే ఆ నియమం హోస్ట్ అడ్రస్‌కు వచ్చినవాటికే వర్తిస్తుంది. ఇలాంటప్పుడు హోస్ట్ నెట్‌వర్క్ మోడ్ తేలిక. కంటైనర్‌కు వేరే నెట్‌వర్క్ ఉండదు, హోస్ట్ కార్డునే వాడుకుంటుంది, "-పి" తో పని లేదు. హోమ్ అసిస్టెంట్ (ఇంటి స్మార్ట్ డివైస్‌లను నడిపే సాఫ్ట్‌వేర్) కంటైనర్‌కు వాళ్ల సూచనల్లో హోస్ట్ నెట్‌వర్కే ఉండటానికి కారణం ఈ డిస్కవరీయే. కెమెరా అడ్రస్ మీకు ముందే తెలిసి, చేత్తో ఎక్కించగలిగితే మాత్రం డిస్కవరీ కోసం ఇదంతా అవసరం లేదు.

రెండు, ప్యాకెట్ లోపల అడ్రస్ రాసి పంపే ప్రోటోకాల్స్. పోర్ట్ మళ్లింపు కవరు మీది చిరునామాను మారుస్తుంది, లోపలి ఉత్తరం చదవదు. ఫ్యాక్టరీ యంత్రాల డేటా అందించే ఓపీసీ యూఏ సర్వర్ (4840 పోర్ట్) దీనికి మంచి ఉదాహరణ. క్లయింట్ మొదటిసారి అడిగినప్పుడు సర్వర్ "నా ఎండ్‌పాయింట్ ఇది" అని తన హోస్ట్ నేమ్ రాసి పంపుతుంది. కంటైనర్‌లో ఆ పేరు అంకెలు, అక్షరాలు కలిసిన 12 గుర్తుల కంటైనర్ ఐడీ. డివైస్‌కు ఆ పేరు ఏ డీఎన్ఎస్‌లోనూ దొరకదు. మొదటి అడుగు పడుతుంది, రెండో అడుగులో చతికిలబడుతుంది. సర్వర్ సెట్టింగ్‌లో బయటికి చెప్పుకునే అడ్రస్‌గా హోస్ట్ పేరు లేదా అడ్రస్ ఇస్తే సరిపోతుంది. కెమెరాలు ఫొటోలు పంపే ఎఫ్‌టీపీ పాసివ్ మోడ్‌లోనూ ఇదే కథ: పాసివ్ అడ్రస్‌గా హోస్ట్ అడ్రస్ ఇచ్చి, పాసివ్ పోర్ట్‌లకు చిన్న పరిధి (21100 నుంచి 21110 దాకా అనుకోండి) పెట్టి, ఆ పరిధి మొత్తాన్ని పబ్లిష్ చేయాలి. ఐపీ ఫోన్ల సర్వర్‌కు మాత్రం నేను నేరుగా హోస్ట్ నెట్‌వర్క్ ఇస్తాను. ఆస్టరిస్క్ అనే ఫోన్ సర్వర్ మాటల కోసం 10000 నుంచి 20000 దాకా పోర్ట్‌లు వాడగలదు. అన్నీ పబ్లిష్ చేస్తే పోర్ట్‌కు ఒక ప్రాక్సీ ప్రాసెస్ చొప్పున లేచి కంటైనర్ మొదలవడానికే బోలెడు సమయం, మెమరీ తింటుంది. టీఎఫ్‌టీపీ (చిన్న ఫైళ్లు పంపే సాదా ప్రోటోకాల్) కూడా అంతే. 69 మీద అడిగితే జవాబు వేరే పోర్ట్ నుంచి వస్తుంది, మధ్యలో ప్రాక్సీ ఉంటే అక్కడే తెగుతుంది.

హోస్ట్ నెట్‌వర్క్‌తో చిక్కు ఏమిటంటే పోర్ట్‌లు హోస్ట్‌తో కొట్లాడుకుంటాయి, కంటైనర్‌కూ హోస్ట్‌కూ మధ్య నెట్‌వర్క్ గోడ ఉండదు. హోస్ట్‌లో ఆ పోర్ట్ ఇంకెవరో వాడుతుంటే, లేదా సర్వర్‌కు తనదైన అడ్రస్ తప్పనిసరిగా కావాలంటే, అప్పుడు మాక్‌వీల్యాన్. ఇందులో కంటైనర్ మీ నెట్‌వర్క్‌లో సొంత మాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరు), సొంత ఐపీతో విడి డివైస్‌లా కనబడుతుంది. వినడానికి బాగుంటుంది, అందుకే అందరూ ముందు దీన్నే సలహా ఇస్తారు. పెట్టాక ఎదురయ్యేవి ఇవి. హోస్ట్ నుంచి ఆ కంటైనర్‌ను చేరలేరు, కెర్నెల్ పద్ధతే అది. చేరాలంటే హోస్ట్‌లో కూడా ఒక మాక్‌వీల్యాన్ ఇంటర్‌ఫేస్ తయారు చేసి రూట్ రాయాలి. హోస్ట్ వైఫై మీద ఉంటే సాధారణంగా పనిచేయదు, యాక్సెస్ పాయింట్ ఒక కనెక్షన్ నుంచి ఒకే మాక్‌ను ఒప్పుకుంటుంది. హోస్ట్ వర్చువల్ మెషీన్ అయితే వర్చువల్ స్విచ్‌లో ప్రామిస్క్యుయస్ మోడ్ (వేరే మాక్‌లకు వచ్చే ప్యాకెట్లనూ అందించే సెట్టింగ్) అనుమతించాలి. స్విచ్‌లో పోర్ట్ సెక్యూరిటీ (ఒక్కో పోర్ట్‌లో ఇన్ని మాక్‌లే అనే హద్దు) ఉంటే రెండో మాక్ కనబడగానే పోర్ట్ మూతపడవచ్చు. పైగా డాకర్ మీ రూటర్‌ను అడిగి అడ్రస్ తీసుకోదు, తనకు ఇచ్చిన పరిధిలోంచి తానే పంచుతుంది. ఆ పరిధిని రూటర్ డీహెచ్‌సీపీ నుంచి మినహాయించకపోతే ఏదో ఒకరోజు రెండు డివైస్‌లకు ఒకే అడ్రస్ వస్తుంది. ఇవన్నీ తెలిసి, కావాలనే పెట్టుకుంటే మంచి సాధనం. "కనెక్ట్ కావట్లేదు" అన్నదానికి మందుగా మాత్రం వాడకండి.

అడ్రస్‌ల ఘర్షణ అనగానే ఇంకో కేసు గుర్తొస్తోంది. ఒక పెద్ద నెట్‌వర్క్‌లో కొన్ని గేట్‌వేలు 10.20 తో మొదలయ్యే అడ్రస్‌లలో, కొన్ని 172.18.4 తో మొదలయ్యేవాటిలో ఉన్నాయి. కంపోజ్‌తో (ఒక ఫైల్‌లో రాసిన కంటైనర్లన్నిటినీ ఒకేసారి నడిపే డాకర్ టూల్) సర్వర్ లేపగానే మొదటివి కనెక్ట్ అయ్యాయి, రెండోవి టైమ్ అవుట్. అందరూ ఫైర్‌వాల్ టీమ్ మీద పడ్డారు. ఫైర్‌వాల్‌లో ప్యాకెట్లు అనుమతి పొంది వెళ్తున్నట్టే ఉంది. నేను హోస్ట్ నుంచి ఆ గేట్‌వేకి పింగ్ కొట్టాను, పోలేదు. కంపోజ్ డౌన్ చేసి మళ్లీ కొట్టాను, పోయింది. అప్పుడు తెలిసింది. కంపోజ్ కొత్తగా తయారు చేసిన నెట్‌వర్క్ 172.18.0.0/16, అంటే 172.18 తో మొదలయ్యే అడ్రస్‌లన్నీ. ఆ కంటైనర్ దృష్టిలో 172.18.4.20 అంటే పక్కింటివాడు. గేట్‌వే పంపిన ప్యాకెట్ లోపలికి చేరుతోంది, జవాబును మాత్రం కంటైనర్ బయటికి పంపకుండా తన బ్రిడ్జ్‌లోనే వెతుకుతోంది. బ్రిడ్జ్ మీద టీసీపీడంప్ పెడితే "172.18.4.20 ఎవరు? 172.18.0.3 కు చెప్పండి" అని ఏఆర్‌పీ (పక్కనున్నవాళ్లలో ఈ అడ్రస్ ఎవరిదని అడిగే పద్ధతి) ప్రశ్న మళ్లీ మళ్లీ. జవాబు చెప్పేవాళ్లు అక్కడ లేరు.

డాకర్ కొత్త నెట్‌వర్క్‌లకు ముందు 172.17 నుంచి 172.31 దాకా ఉన్న పరిధుల నుంచి, అవి అయిపోతే 192.168 నుంచి అడ్రస్‌లు తీసుకుంటుంది. ఇవి చాలా సంస్థల్లో నిజంగా వాడకంలో ఉండే అడ్రస్‌లు. అందుకే నేను ఏ సర్వర్‌లోనైనా మొదటి కంటైనర్ పెట్టకముందే డాకర్ డీమన్ (వెనక నడిచే డాకర్ సర్వీస్) కాన్ఫిగ్ ఫైల్‌లో డీఫాల్ట్ అడ్రస్ పూల్‌ను, డాకర్0 అడ్రస్‌ను ఆ నెట్‌వర్క్‌లో ఎవరూ వాడని పరిధికి మారుస్తాను. ఇప్పటికే ఉన్న నెట్‌వర్క్‌లు ఈ మార్పుతో మారవు, వాటిని తీసేసి మళ్లీ సృష్టించాలి.

ఫైర్‌వాల్ గురించి ఒక హెచ్చరిక, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. మీరు యూఎఫ్‌డబ్ల్యూలో (లినక్స్ ఫైర్‌వాల్ టూల్) 1883 ను మూసేసినా, డాకర్ పబ్లిష్ చేస్తే అది తెరిచే ఉంటుంది. డాకర్ నియమాలు ప్యాకెట్‌ను ముందే కంటైనర్ వైపు మళ్లిస్తాయి. హోస్ట్‌కు వచ్చేవాటిని కాపలా కాసే నియమాల దగ్గరికి అది రానే రాదు. హోస్ట్‌కు పబ్లిక్ అడ్రస్ కూడా ఉంటే మీ బ్రోకర్ ప్రపంచానికంతా తెరిచినట్టే. పబ్లిష్ చేసేటప్పుడే అడ్రస్ ఇవ్వండి: "-పి 192.168.1.50:1883:1883". అప్పుడు ఆ అడ్రస్‌కు వచ్చినవే లోపలికి పోతాయి. ఫలానా డివైస్‌లనే రానివ్వాలంటే ఆ నియమాలు ఐపీటేబుల్స్‌లో డాకర్-యూజర్ అనే చెయిన్‌లో (నియమాల వరుసలో) రాయాలి, మీ నియమాల కోసమే డాకర్ దాన్ని ఖాళీగా ఉంచింది. అక్కడికి చేరేసరికి పోర్ట్ అప్పటికే మారిపోయి ఉంటుంది కాబట్టి, నియమంలో హోస్ట్ పోర్ట్ కాకుండా కంటైనర్ పోర్ట్ రాయాలి. మరో సంగతి, 127.0.0.1 మీద పబ్లిష్ చేసినవి డాకర్ 28 కంటే పాత వర్షన్లలో పక్కనే అదే నెట్‌వర్క్‌లో ఉన్న మెషీన్లకు అందే వీలుండేది. పాత వర్షన్ వాడుతుంటే అప్‌డేట్ చేయండి.

ఇంత చేసినా కనెక్ట్ కాకపోతే ఊహించకండి, ప్యాకెట్ ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. మూడు టెర్మినల్స్ తెరవండి. ఒకదానిలో హోస్ట్ నెట్‌వర్క్ కార్డు మీద, రెండోదానిలో డాకర్0 మీద (కంపోజ్ అయితే దాని బ్రిడ్జ్ మీద), మూడోదానిలో కంటైనర్ లోపల టీసీపీడంప్ పెట్టండి. కంటైనర్‌లో ఆ టూల్ ఉండదు, నెట్‌షూట్ లాంటి, నెట్‌వర్క్ టూల్స్ ఉన్న ఇమేజ్‌ను ఆ కంటైనర్ నెట్‌వర్క్‌కే తగిలించి నడపండి. తర్వాత డివైస్‌ను రీస్టార్ట్ చేయండి. హోస్ట్ కార్డు దగ్గరే ఏమీ రాకపోతే డాకర్‌కు సంబంధం లేదు. వీల్యాన్ (స్విచ్‌లో నెట్‌వర్క్‌ను విడగొట్టే విభాగం), తప్పు అడ్రస్, వైఫైలో క్లయింట్ ఐసొలేషన్ (డివైస్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడకుండా ఆపే సెట్టింగ్) చూడండి. కార్డు మీద కనబడి బ్రిడ్జ్ మీద కనబడకపోతే పబ్లిష్ లేదా ఫైర్‌వాల్. టీసీపీడంప్ ఫైర్‌వాల్ కంటే ముందే ప్యాకెట్‌ను చూస్తుంది, కాబట్టి కార్డు మీద కనబడినంత మాత్రాన ఫైర్‌వాల్ దాటినట్టు కాదు. బ్రిడ్జ్ దాకా వచ్చి వెంటనే రీసెట్ (కనెక్షన్‌ను తిరస్కరించే ప్యాకెట్) తిరిగొస్తే అప్లికేషన్ వినడం లేదు. మొదటి సిన్ ప్యాకెట్టే (కనెక్షన్ అడిగేది) 1, 2, 4 సెకన్ల ఎడంతో మళ్లీ మళ్లీ వస్తూ, జవాబు కార్డు మీద కనబడకపోతే తిరుగు దారి తప్పింది, పైన చెప్పిన 172.18 కథ లాంటిది. ఈ పరీక్షకు పది నిమిషాలు పట్టదు.

విండోస్‌లో నడిపేవాళ్లు విండోస్ ఫైర్‌వాల్‌లో కూడా ఆ పోర్ట్ తెరవాలి. డాకర్ డెస్క్‌టాప్ లేకుండా నేరుగా డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్‌లోనే లినక్స్ నడిపే ఏర్పాటు) లోపల డాకర్ పెట్టుకుంటే మధ్యలో ఇంకో పొర ఉంటుంది. పోర్ట్ ప్రాక్సీ (విండోస్ పోర్ట్‌ను లోపలికి మళ్లించేది) గానీ మిర్రర్డ్ నెట్‌వర్కింగ్ (విండోస్ నెట్‌వర్క్‌నే లోపలా చూపేది) గానీ పెట్టకపోతే బయటి డివైస్‌లు రాలేవు. కుబెర్నెటిస్ (చాలా మెషీన్లలో కంటైనర్లను నడిపే వ్యవస్థ) అయితే నోడ్‌పోర్ట్ (అక్కడ బయటికి తెరిచే పోర్ట్) మామూలుగా 30000 నుంచి 32767 మధ్యలో వస్తుంది. డివైస్‌లో పోర్ట్ మార్చే వీలు ఉందో లేదో ముందే చూసుకోండి, కొన్నింటిలో 514 తప్ప వేరే పెట్టనివ్వరు.

డివైస్‌లన్నిటిలో కొత్త అడ్రస్ ఎక్కించే ముందు ఒక్క పని చేయండి. హోస్ట్‌కు ఆ 192.168.1.50 స్థిరంగా ఉండేలా రూటర్‌లో రిజర్వ్ చేయండి. డివైస్ డీఎన్ఎస్ పేరు తీసుకోగలిగితే అంకెల బదులు పేరు ఇవ్వండి. టీఎల్ఎస్, అంటే ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్, వాడే ఆలోచన ఉంటే (8883 పోర్ట్) సర్టిఫికెట్‌లో కూడా కంటైనర్ పేరు కాకుండా డివైస్‌లో ఎక్కించిన ఆ పేరే ఉండాలి. రేపు సర్వర్ వేరే మెషీన్‌కు మారినా అప్పుడు డీఎన్ఎస్‌లో ఒక్క చోట మారిస్తే చాలు, నిచ్చెన వేసుకుని ఒక్కో సెన్సార్ దగ్గరికి ఎక్కాల్సిన పని ఉండదు.